సందేహాలు – సమాధానాలు: మందు రిసెప్టర్‌ని ‘బంధిస్తుందా’?

సందేహం: కడపలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. నా ప్రాజెక్టు గురించి తెలుగులో రాస్తూ "ఈ అణువు కణం మీదుండే రిసెప్టర్‌ని బంధిస్తుంది" అన్నాను (రిసెప్టర్ అంటే అణువులు తెచ్చే సంకేతాన్ని అందుకునే ప్రొటీన్). మా నాయన చదివి, ఖైదు చేసినట్టుందే అన్నాడు. ఏమని రాయాలి? సింథసిస్‌ని సంశ్లేషణ అనొచ్చా?

సమాధానం: మీ నాయన చెప్పింది నిజమేనమ్మా. బంధించడం అంటే మనకి కట్టేయడమే, దొంగని బంధిస్తారు, ఏనుగుని బంధిస్తారు. పోనీ ‘బంధం ఏర్పరుచుకుంటుంది’ అందామా అంటే అది ఇంకా చిక్కు, ఇంటర్ కెమిస్ట్రీ చదివినోళ్లకి బంధం అనగానే సమయోజనీయ బంధం, ఎలక్ట్రాన్లు పంచుకోవడం గుర్తొస్తాయి, రిసెప్టర్ల మీద పనిచేసే మందులు చాలావరకు అట్ల చెయ్యవు, వచ్చి కాసేపు కూర్చుని మళ్లీ లేచిపోతాయి. మధ్యలో హైడ్రోజన్ బంధాలు ఉంటాయి, నిజమే, వాటిని ఆ పేరుతోనే చెప్పండి.

నేనైతే ‘కుదురుకుంటుంది’ అని రాస్తా. మా అవ్వ వరిగడ్డి పేని చుట్ట చుట్టి కడవ కింద పెట్టేది, దాన్ని కుదురు అంటాం, అది లేకుంటే గుండ్రటి అడుగున్న కడవ నిలబడదు. మీ ల్యాబులో రౌండ్ బాటమ్ ఫ్లాస్క్ కింద పెట్టే కార్క్ రింగు కూడా కుదురే కదా! దాని కొలతకి సరిపోయేదే దాంట్లో కూర్చుంటుంది, కావాలంటే ఎత్తేయొచ్చు కూడా. పెళ్లి కుదిరింది, బేరం కుదిరింది అంటాం, జ్వరం కుదిరింది అని కూడా అంటాం, మందు గురించి రాసేటప్పుడు ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. వ్యాకరణం కూడా చూడండి, ‘రిసెప్టర్‌ని’ పోయి ‘రిసెప్టర్‌లో’ వస్తుంది, అణువు దాన్ని ఏదో చేసేసిందనే అర్థం తప్పిపోతుంది.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, కూర్చున్నాక ఏం జరుగుతుందనేది వేరే సంగతి, దానికి వేరే క్రియ కావాలి. అడ్రినలిన్ అంటే కంగారు పడినప్పుడు ఒంట్లో ఊరే హార్మోన్, అది పనిచేసే రిసెప్టర్లలో ఆల్ఫా, బీటా అని రకాలున్నాయి. అడ్రినలిన్‌లో నైట్రోజన్ మీదుండే మిథైల్ బదులు టెర్షియరీ బ్యూటైల్ లాంటి పెద్ద గుంపు పెట్టి, అణువులోని బెంజీన్ రింగులో కూడా కొంచెం మార్చి సాల్బుటమాల్ చేశారు, అది ఊపిరితిత్తుల్లోని బీటా-2 రిసెప్టర్లలో కుదురుకుని వాటిని పని చేయిస్తుంది, ఆయాసం తగ్గుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ బృందం 1960ల్లో తెచ్చిన ప్రొప్రనలాల్ కూడా బీటా రిసెప్టర్లలోనే కుదురుకుంటుంది, కానీ పని చేయించదు, ఊరికే కూర్చుని అడ్రినలిన్‌కి చోటు లేకుండా చేస్తుంది, గుండె దడ తగ్గుతుంది. ఆయనకి 1988లో నోబెల్ వచ్చింది. రెండిటికీ ‘బంధిస్తుంది’ అనే రాస్తే ఈ తేడా పాఠకుడికి ఎట్ల తెలుస్తుంది? మొదటిదానికి ‘పని చేయిస్తుంది’, రెండోదానికి ‘అడ్డుకుంటుంది’ అనండి. ఫినాక్సీబెంజమిన్ లాంటి మందులు మాత్రం ఆల్ఫా రిసెప్టర్లతో నిజంగానే సమయోజనీయ బంధం వేసుకుంటాయి, ఒక పట్టాన వదలవు, ‘బంధం’ అనే మాట అక్కడికి దాచుకోండి.

సంశ్లేషణ మంచి మాటే, విశ్లేషణకి జంట, రెండూ శ్లిష్ ధాతువు నుంచే వచ్చాయి. శీర్షికలో పెట్టుకోండి. వాక్యంలో మాత్రం ‘సంశ్లేషణ కావించబడినది’ వద్దమ్మా, ‘ఈ అణువుని మేం ల్యాబులో తయారుచేశాం’ అనండి చాలు.