‘నిర్వచించని’దా, ‘నిర్వచనం దొరకని’దా?

సందేహం: బుల్లెట్ అనే భౌతికశాస్త్ర లైబ్రరీని సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములో వాడబోయినప్పుడు లింకరు (విడివిడి ఫైళ్లను కలిపి ఒకే ప్రోగ్రాముగా కూర్చే సాధనం) చూపే లోపాలను విద్యార్థుల కోసం తెలుగులో వివరిస్తున్నాను. ‘అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్’ను ‘నిర్వచించని సూచన’ అనవచ్చా? ‘లైబ్రరీ చేర్చినా దొరకకపోతే దాన్ని ముందు రాయాలి’ అన్న నా వాక్యం బోధపడలేదని కొందరన్నారు. లోపం ఎక్కడుంది?

సమాధానం: ‘నిర్వచించని’ అన్న రూపంలో వ్యాకరణ దోషం లేదు గాని, అర్థదోషం ఉంది. ఆ మాట చదివినవారికి సదరు పేరును అసలెవరూ నిర్వచించలేదనే తోస్తుంది. నిజానికి బుల్లెట్‌లోని ‘బీటీ రిజిడ్ బాడీ’ క్లాసు ప్రకటన హెడర్ ఫైలులో ఉంటుంది కనుక కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలరు అభ్యంతరం చెప్పకుండా ఆబ్జెక్టు ఫైలును (అలా మార్చిన ఫైలును) తయారుచేస్తుంది. దాని ఫంక్షన్ల నిర్వచనాలు లైబ్రరీ ఫైలులో ఉండనే ఉంటాయి. ఆ ఫైలు పేరు లింకరుకు చెప్పకపోవడం వల్లనో, చెప్పవలసిన వరుసలో చెప్పకపోవడం వల్లనో పేరుకూ నిర్వచనానికీ కలయిక కుదరదు. ఒక పదం తన అర్థం పూర్తి కావడానికి మరొక పదాన్ని కోరడాన్ని మన శాస్త్రకారులు ఆకాంక్ష అన్నారు. ఆబ్జెక్టు ఫైలులోని పేరు అటువంటి ఆకాంక్షతోనే ఉంటుంది. అందువల్ల ‘నిర్వచనం దొరకని పేరు’ అని రాయడం మేలు. ‘నిర్వచించని’ అని చదివిన విద్యార్థి తన కోడును తిరగరాయబోతాడు. ‘దొరకని’ అని చదివితే లింకరుకు తానిచ్చిన ఆదేశాన్ని చూసుకుంటాడు. విజువల్ స్టూడియోలో ఎల్‌ఎన్‌కే 2019 అన్న సంఖ్యతో వచ్చే సందేశానికీ ఈ మాటే సరిపోతుంది.

ఇక మీ వాక్యం. కర్తనూ కర్మనూ వదిలేసినా తెలుగు వాక్యం నిలబడుతుంది, కానీ ఇక్కడ ఆ వెసులుబాటే చిక్కు తెచ్చింది. చేర్చినది హెడరా, లైబ్రరీ ఫైలా? దొరకనిది ఎవరికి? హెడర్ దొరకకపోతే కంపైలరు దగ్గరే పని ఆగిపోతుంది. లైబ్రరీ ఫైలే దొరకకపోతే లింకరు ఆ సంగతి వేరుగా చెబుతుంది (విజువల్ స్టూడియోలో ఎల్‌ఎన్‌కే 1104 అన్న సంఖ్యతో). అప్పుడు సరిచూడవలసినది ఫైలు పేరూ, అది ఉన్న ఫోల్డరూ. కాబట్టి ‘హెడర్‌ను చేర్చాను’, ‘లైబ్రరీతో లింకు చేశాను’ అని విడివిడిగా రాయండి.

‘ముందు’ అన్న మాట ఇంకా ప్రమాదకరం. అది కాలాన్నీ చెబుతుంది, స్థానాన్నీ చెబుతుంది. పైగా మీ సలహా తలకిందులుగా ఉంది. గ్నూ లింకరు స్టాటిక్ లైబ్రరీలను (ప్రోగ్రాములోనే కలిసిపోయే లైబ్రరీలను) ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోయి, అప్పటివరకు నిర్వచనం దొరకని పేర్లకు కావలసిన భాగాలనే తీసుకుంటుంది. అందుచేత కోరే ఫైలు ఎడమవైపూ, తీర్చే ఫైలు కుడివైపూ ఉండాలి: మొదట మీ ఆబ్జెక్టు ఫైళ్లు, ఆపైన వరుసగా బుల్లెట్ డైనమిక్స్, బుల్లెట్ కొలిజన్, లీనియర్ మ్యాథ్.

వరుస కుదిరినా, శాస్త్రకారులు చెప్పిన యోగ్యత (ఒకదానితో ఒకటి పొసగడం) లేకపోతే పేర్లు కలవవు. లైబ్రరీని డబుల్ (ఎక్కువ కచ్చితత్వం గల దశాంశ) సంఖ్యలతో నిర్మించి, ప్రోగ్రామును ఫ్లోటుతో (తక్కువ కచ్చితత్వం గల రకంతో) కంపైలు చేస్తే, ద్రవ్యరాశిని స్వీకరించి వస్తువును సృష్టించే రిజిడ్ బాడీ కన్‌స్ట్రక్టరు పేరు లింకరు దృష్టిలో రెండు వేర్వేరు పేర్లవుతుంది. ఎందుకంటే అక్కడ పేరులోనే పరామితుల (ఫంక్షను స్వీకరించే విలువల) రకం కూడా కలిసి ఉంటుంది.

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: ‘లైబ్రరీతో లింకు చేసినా లింకరుకు నిర్వచనం దొరకకపోతే, ఆదేశంలో ఆ లైబ్రరీ పేరును దాన్ని వాడుకునే ఫైళ్ల పేర్లకు కుడివైపున రాయాలి.’