పిండి నుండి కుకీలా, పిండితో కుకీలా?

సందేహం: మేము అమెరికాలో ఉంటాం. మా అమ్మాయి వారాంతపు తెలుగు తరగతిలో ‘నేను చేసిన వంట’ గురించి రాస్తూ ‘గడ్డకట్టిన పిండి నుండి ఓట్స్, ఎండిన ద్రాక్ష కుకీలను కాల్చడం’ అని శీర్షిక పెట్టింది. ఫోన్లో చదివి వినిపిస్తే మా అత్తగారు “అయ్యో, మాడ్చేశావా తల్లీ?” అన్నారు. కాల్చడం అనకూడదా? బేక్ చేయడం అనే రాయాలా?

సమాధానం: కాల్చడం అనొచ్చు. ఆ శీర్షికలో సరిగ్గా పడిన మాట అదొక్కటే. తేడా వచ్చింది మిగతా మాటల్లో.

కాల్చు చాలా పనులు చేసే క్రియ. ఇల్లు కాలిస్తే బూడిద మిగులుతుంది. చుట్ట కాలిస్తే పొగ, తుపాకి కాలిస్తే చప్పుడు. కుండ కాలిస్తే మాత్రం కుండే మిగులుతుంది, గట్టిపడి మరీ. కుమ్మరి పచ్చికుండల్ని ఆవంలో పేర్చి కాలుస్తాడు. మెత్తటి ముద్దకు అన్ని వైపులా పొడి వేడి తగిలి, తడి ఆరి, గట్టిపడుతుంది. ఓవెన్‌లో కుకీకి జరిగేదీ దాదాపు అదే. వంటింట్లోనే కావాలంటే దిబ్బరొట్టె ఉంది. మూకుడులో మినప్పిండి వేసి, కింద సన్నటి సెగ, మూత మీద కాసిని నిప్పులు పెట్టి చేసేవారు. దాన్ని కాల్చడమనే అన్నాం. తినేది చెడిపోతే కాలిందనం, మాడిందంటాం. పచ్చడికి వంకాయ కాలుస్తాం, పరధ్యానంలో అన్నం మాడుస్తాం.

మరి మీ అత్తగారి చెవికి ఎందుకు అలా తగిలింది? మన వంటల్లో ఏ వస్తువుకు ఏ క్రియో ముందే కుదిరిపోయి ఉంటుంది. అట్లు పోస్తాం, అరిసెలు వండుతాం, జంతికలు వత్తుతాం, సున్నుండలు చుడతాం, రొట్టె కాలుస్తాం. కుకీకి ఇంకా క్రియ కుదరలేదు. అందుకని చెవి కాల్చడానికున్న అర్థాల్లో దగ్గరున్నదాన్ని పట్టుకుంది. దీనికి మందు ఒక చిన్న మాట: దోరగా. సగం పండిన జామకాయను దోరకాయ అంటాం. పల్లీలు దోరగా వేయిస్తాం. ‘దోరగా కాల్చిన కుకీలు’ అంటే మాడాయేమోనని ఎవరికీ టెన్షన్ ఉండదు. మాట్లాడేటప్పుడు బేక్ చేశాను అన్నా తప్పు లేదు, అందరం అంటున్నాం. ఉన్న మాటను మాత్రం భయపడి వదులుకోవద్దు.

అసలు పంటి కింద రాయి ‘నుండి’. పాల నుండి వెన్న తీస్తాం, నువ్వుల నుండి నూనె తీస్తాం. ఒకదానిలో ఉన్నదాన్ని బయటికి తీసినప్పుడు నుండి. ఒకదాన్ని పెట్టి ఇంకొకటి తయారు చేసినప్పుడు తో: మట్టితో బొమ్మ, బియ్యప్పిండితో జంతికలు. ‘పిండి నుండి కుకీలు’ అంటే పిండిలో ఎక్కడో కుకీలు దాక్కుని ఉంటే పాప వెతికి తీసినట్టుంది. ఈ నుండి ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట దించడం వల్ల వస్తుంది. పిల్లల్ని అని లాభం లేదు, పెద్దలు రాసే ప్యాకెట్ల మీదా ఇదే ఉంటోంది.

‘గడ్డకట్టిన పిండి’ ఇంకో చిక్కు. మీ పాప చెప్పదలచుకున్నది కలిపి ఫ్రీజర్‌లో పెట్టిన ముద్ద గురించి. నీళ్లు గడ్డకడితే మంచు. పిండి గడ్డకట్టిందంటే మనకు తోచేది డబ్బాలో చెమ్మ తగిలి ఉండలు ఉండలుగా తయారైన పిండి. పారబోయడమా, జల్లించడమా అని ఆలోచించేది. ఇంగ్లీషులో పొడిపిండికి ఒక మాట, కలిపిన ముద్దకు ఒక మాట, జారుపిండికి ఇంకో మాట. మనం అన్నిటినీ పిండి అనేసి, అవసరమైతే ముందో వెనకో ఒక ముక్క చేరుస్తాం. ఇక్కడ ‘పిండిముద్ద’ అంటే చాలు. ‘నిలవ పిండి’ అనాలన్న ఆలోచన వస్తే మానుకోండి. పచ్చడికి నిలవ గొప్ప, పిండికి కాదు. ముందుగా కలిపి దాచుకోవడం మనకు కొత్త పనేం కాదు. పాకంలో తడిపిండి కలిపి, ఆ చలిమిడిని మూతపెట్టి ఉంచి, మర్నాడు అరిసెలు వండే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

‘ఎండిన ద్రాక్ష’ కాదు, ఎండుద్రాక్ష. ఎండుమిర్చి, ఎండుకొబ్బరి, ఎండుచేప లాగే. ఎండు అంటే అది ఆ వస్తువు రకం. ఎండిన అంటే దానికి జరిగిన సంగతి: నీళ్లు లేక ఎండిన ద్రాక్షతీగ. పరమాన్నంలోకి నేతిలో వేస్తే బుడగల్లా ఉబ్బుతాయే, వాటిని ఇంట్లో కిస్మిస్ అనే పిలుస్తుంటే అలాగే రాయించండి. అది పారసీకం నుంచి వచ్చి మనలో కలిసిపోయిన మాట. ఓట్స్‌ను ఓట్స్‌గానే ఉంచండి. తెలుగు చేద్దామని కొందరు యవలు అంటున్నారు, యవలంటే బార్లీ.

ఇంతకీ శీర్షిక ‘ఓట్స్ కిస్మిస్ కుకీలు’ అంటే చాలు. మిగతాది లోపల ఇలా రాయొచ్చు: “పోయిన వారమే పిండి కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకున్నాం. ఇవాళ ఆ ముద్దల్ని మెత్తబడనివ్వకుండా అలాగే ట్రేలో ఎడంగా పేర్చి, 175 డిగ్రీల సెల్సియస్ వేడిలో దోరగా కాల్చాం. అప్పుడే కలిపిన పిండికైతే 10, 12 నిమిషాలు చాలు. చల్లటి ముద్దలకు ఇంకో రెండు నిమిషాలు పట్టింది. చల్లగా ఉండటం వల్ల వెన్న నిదానంగా కరిగి, కుకీలు మరీ పలచగా పరుచుకుపోలేదు. అంచులు ఎర్రబడి, నడిమి భాగం ఇంకా మెత్తగా ఉండగానే తీసేశాం.”

ఇది మీ అత్తగారికి చదివి వినిపించండి. ఆవిడ వాటిని బిస్కెట్లు అంటే దిద్దకండి. బిస్కెట్ అంటే పుట్టుకలో రెండుసార్లు కాల్చినదని అర్థం. మీ పాప కాల్చింది ఒక్కసారే అయినా, మన బేకరీల్లో ఆ లెక్క ఎవరూ చూడరు.