అలబామాలో టస్కీగీ: మ్యూజియం దాటి ఊరిని చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆబర్న్‌లో ఉంటున్నాను, ఒక శనివారం టస్కీగీ వెళ్లి మ్యూజియాలే కాకుండా ఊరి చరిత్ర కూడా తెలుసుకోవాలంటే ఏం చూడాలి అని అడిగారు. ముందు ఆ శనివారం మార్చుకోండి. అసలు సరుకంతా కోర్టుహౌస్‌లో ఉంది, పనిరోజుల్లోనే తెరుస్తారు.

టస్కీగీ మేకన్ కౌంటీకి కౌంటీ సీట్. మన లెక్కలో జిల్లా కోర్టు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, ఆర్టీఏ అన్నీ ఒకే చోట చేరిన ఊరన్నమాట. కాకపోతే 2020 లెక్కల్లో జనాభా 9,395 మాత్రమే. కలెక్టరు లాంటి అధికారి ఉండడు. కౌంటీ పోలీసు పెద్ద షెరీఫ్, భూమి కాగితాలు చూసే ప్రొబేట్ జడ్జి ఓట్లతో గెలిచి వచ్చేవాళ్లే. ఈ ఊళ్లో ఓటు కోసం అంత గొడవ ఎందుకు జరిగిందో ఇక్కడే సగం అర్థమవుతుంది.

1832 ఒప్పందంతో ఇక్కడి ఆదివాసులైన క్రీక్ జాతి తన భూమి పోగొట్టుకుంది. అదే ఏడు కౌంటీ, మరుసటి ఏడు ఊరు పుట్టాయి. పత్తి, బానిసత్వం, కోర్టు చుట్టూ బజారు: ఇంతవరకు దక్షిణాది ఊళ్లన్నిటిదీ ఒకే కథ. తేడా 1881లో వచ్చింది. బుకర్ టి. వాషింగ్టన్ ఇక్కడ నల్లవాళ్ల కోసం విద్యాసంస్థ మొదలుపెట్టాడు, 1923లో నల్లజాతి మాజీ సైనికులకు ప్రభుత్వ ఆసుపత్రి వచ్చింది. ఈ రెండు చోట్లా జీతం తీసుకునేవాళ్లకు పత్తి భూస్వామితోగానీ ఊరి బ్యాంకుతోగానీ పనిలేదు. అందుకే ధైర్యంగా ఓటు అడిగారు. ఓటర్లను నమోదు చేయాల్సిన బోర్డు సభ్యులేమో రాజీనామాలు చేసి నెలల తరబడి బోర్డే లేకుండా చేసేవాళ్లు. అయినా ఓటర్లు పెరుగుతూ పోయారు.

1957లో రాష్ట్ర శాసనసభ ఊరి హద్దులే మార్చేసింది. చతురస్రంగా ఉన్న ఊరు 28 భుజాల వంకరటింకర బొమ్మైంది. సుమారు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ ఊరి బయట పడ్డారు. తెల్ల ఓటరు ఒక్కడూ పోలేదు. నల్లవాళ్లు తెల్లవాళ్ల కొట్లలో కొనడం మానేశారు, చాలా కొట్లు మూతపడ్డాయి. చార్లెస్ గోమిలియన్ అనే ప్రొఫెసర్ వేసిన కేసులో 1960లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఆయన పక్షానే తేల్చారు. ఆ తీర్పు చివర పాత, కొత్త హద్దుల మ్యాపు ఉంది. ఫోన్లో దించుకుని, పెద్దది చేసి చూస్తూ నడవండి. గీత ఎక్కడ మెలిక తిరిగిందో, ఎవరి ఇళ్లను తప్పించడానికి తిరిగిందో కళ్లకు కడుతుంది. 1966లో ఇదే కౌంటీలో లూషియస్ అమెర్సన్ అనే నల్లజాతి షెరీఫ్ గెలిచాడు.

తర్వాత కోర్టు ముందున్న పార్కుకు రండి. మధ్యలో కాన్ఫెడరేట్ సిపాయి, అంటే అంతర్యుద్ధంలో బానిసత్వం నిలవాలని పోరాడిన దక్షిణాది సైనికుడి విగ్రహం. నల్లవాళ్లే అత్యధికంగా ఉన్న ఊళ్లో ఇదేంటని అందరూ అడుగుతారు. 1906లో కౌంటీ ఆ జాగాను కాన్ఫెడరేట్ వారసురాళ్ల సంఘానికి రాసిచ్చేసింది. విగ్రహం తీయాలంటే ముందు ఆ పాత కాగితం దాటాలి. కోర్టుల్లో దావా నడిచింది అందుకే.

అలాంటి కాగితాలు దొరికేది కోర్టుహౌస్‌లోని ప్రొబేట్ ఆఫీసులో. మన ఈసీ లాంటిది అడిగితే ఇవ్వరు, మీరే వెతుక్కోవాలి. కొన్నవాళ్ల పేర్ల ఇండెక్సులో ఏదైనా స్థలం ఇప్పటి యజమానిని పట్టుకుని, ఆయనకు అమ్మిందెవరో చూసి, ఆ పేరును మళ్లీ అదే ఇండెక్సులో వెతకండి. ఇలా వెనక్కి వెళ్లాలి. పేరు పక్కన బుక్ నంబరు, పేజీ ఉంటాయి, రాసుకోండి. భూమి వివరం మాత్రం చివరినుంచి మొదటికి చదవాలి: ముందు టౌన్‌షిప్, రేంజ్ (భూమిని గళ్లుగా కొలిచిన సర్వేలో గడి నంబర్లు), తర్వాత సెక్షన్ (640 ఎకరాలు), అందులో పావు (160), ఆ పావులో పావు (40). రైతులు ఈ ఆఖరిదాన్ని ‘ఫార్టీ’ అంటారు.

ఎక్కువమంది చిక్కుకునేది వీలునామా లేకుండా పోయినవాళ్ల భూమి దగ్గర. తాత పేరు మీదే ఉండిపోతుంది, వారసులు ఇరవైమంది, దస్తావేజు ఒక్కటీ ఉండదు. పాత నల్లజాతి రైతు కుటుంబాల్లో ఇది మామూలే. గొలుసు తెగిందనుకుని వదిలేయకండి. ఆస్తిపన్ను ఎవరి పేరున కడుతున్నారో చూస్తే దారి దొరుకుతుంది.

ఒక మాట: ఈ ఊరి పేరుతోనే తెలిసిన, నల్లజాతి మగవాళ్లపై ప్రభుత్వం జరిపిన 1932-72 సిఫిలిస్ అధ్యయనంలో మనుషులకు రోగం ఎక్కించారని మనవాళ్లు తరచూ చెబుతుంటారు. అది తప్పు. అప్పటికే రోగమున్న 399 మందికి విషయం చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా వైద్యం చేయకుండా చూస్తూ కూర్చున్నారు. ఘోరం అది.

రెండో ప్రపంచయుద్ధపు నల్లజాతి పైలట్ల శిక్షణ మైదానం, మోటన్ ఫీల్డ్, ఆఖర్న పెట్టుకోండి. ఐ-85 ఎగ్జిట్ 38 దగ్గర, ఆబర్న్‌కు తిరిగొచ్చే దారిలోనే తగులుతుంది.