పాత ఆల్టోలో హైదరాబాద్ నుంచి ముక్తినాథ్ దాకా: బండికి ఏం చేయించాలి, ఏ కాగితాలు పట్టుకోవాలి

మీరు అడిగింది ఇదీ: 2008 మోడల్ ఆల్టో, 95 వేల కిలోమీటర్లు తిరిగింది, ఎక్కువగా ఊళ్లోనే. దసరా తర్వాత ముగ్గురు కలిసి హైదరాబాద్ నుంచి నేపాల్‌లోని ముక్తినాథ్ వెళ్లి రావాలి. బండి తట్టుకుంటుందా, ఏం మార్పించాలి, సరిహద్దులో ఏం అడుగుతారు, అది సవ్యంగా జరిగితే భూటాన్, థాయ్‌లాండ్ సంగతేంటి?

తట్టుకుంటుంది. 796 సీసీ మారుతి ఇంజన్ ఈ దారికి సరిపోతుంది. పైగా ఖాట్మండులో టాక్సీలుగా తిరిగేవి చాలావరకు మారుతి చిన్న బండ్లే. అంటే బుట్వల్, పోఖరా, ఖాట్మండు ఏ ఊళ్లో ఆగిపోయినా దాన్ని విప్పడం తెలిసిన మెకానిక్, వేయడానికి సామాను దొరుకుతాయి. పాత బండితో దూరం పోయేటప్పుడు ఇంతకంటే పెద్ద భరోసా లేదు. ఇదే డబ్బుకు వచ్చే పాత విదేశీ సెడాన్ ఎంత సుఖంగా ఉన్నా ఈ దారికి తీసుకెళ్లమని నేను చెప్పను.

అయితే 95 వేలు అన్న అంకె చూసి ధైర్యపడకండి. తక్కువ తిరిగిన పాత బండిలో ఇనుము బాగానే ఉంటుంది, వయసు మీద పడేది రబ్బరు మీద. దారిలో బండ్లు ఆగేది పిస్టన్ అరిగి కాదు; వందల రూపాయల గొట్టం చిట్లి, బెల్టు తెగి, కేబుల్ తెగి. అందుకే ఇంజన్ పనికి డబ్బు పెట్టేముందు ఈ కింది రబ్బరు సామానంతా మార్పించండి, పైకి బాగా కనిపించినా సరే.

మొదట టైమింగ్ బెల్టు. మీ బండి ఇంజన్‌కు బెల్టే ఉంటుంది (చెయిన్ తర్వాత వచ్చిన ఆల్టో కె10లో ఉంటుంది). చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. బెల్టుతో పాటు టెన్షనర్, క్రాంక్ ముందు సీలు, క్యామ్ సీలు కూడా వేయించండి. సీలు కారి ఆయిల్ పడితే కొత్త బెల్టు కూడా త్వరగా చెడుతుంది. అది విప్పి ఉన్నప్పుడే వాటర్ పంపు చూడమనండి. చేత్తో ఊపితే షాఫ్ట్ కదిలినా, కింద చిన్న రంధ్రం దగ్గర కూలెంట్ ఎండిన మరక కనిపించినా పంపు మార్చాలి. ఆ తర్వాత ఆల్టర్నేటర్ బెల్టు, రేడియేటర్ పై గొట్టం, కింది గొట్టం, హీటర్ గొట్టాలు రెండు, క్లిప్పులతో సహా. పెట్రోల్ గొట్టాలు మరిచిపోవద్దు. మీ బండి తయారైనప్పుడు మన బంకుల్లో ఇంత ఇథనాల్ కలిపేవారు కాదు. ఆ కాలం నాటి రబ్బరు దీనికి గట్టిపడి పగులుతుంది. గొట్టాన్ని వంచి చూస్తే సన్నని గీతలు కనిపిస్తాయి. ముందు చక్రాల బ్రేకు గొట్టాలు, యాక్సిల్ బూట్లు కూడా ఇదే జాబితాలోవి. బూటు చిరిగితే గ్రీజు పోయి దుమ్ము చేరుతుంది, పోఖరా తర్వాత వచ్చే బేని దాటాక ఆ దుమ్ముకు జాయింటు పూర్తిగా పోతుంది.

టైర్లు 145/80 ఆర్12. పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 1419 అంటే 2019లో 14వ వారం. గాడి ఎంత లోతున్నా ఆరేళ్లు దాటిన టైరు వద్దు. స్టెప్నీ ముద్ర కూడా చూడండి. చాలా బండ్లలో అది కంపెనీ నుంచి వచ్చిందే ఉంటుంది.

ఇక కూలింగ్. ఈ యాత్రలో అసలు పరీక్ష ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ముక్తినాథ్ దాదాపు 3,700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండొంతుల కంటే తక్కువ, నీళ్లు సుమారు 87 డిగ్రీలకే మరుగుతాయి. మీ ఇంజన్ మామూలుగా నడిచే వేడి దాదాపు అంతే. మరి బండ్లు ఎలా ఎక్కుతున్నాయి? రేడియేటర్ మూత ఒత్తిడి పట్టి ఉంచుతుంది కాబట్టి. 0.9 అని రాసి ఉన్న మంచి మూత ఉంటే ఆ ఎత్తులో కూడా మరిగే వేడి 110 డిగ్రీలు దాటుతుంది. మూత రబ్బరు అరిగిపోయి ఒత్తిడి నిలవకపోతే హైదరాబాద్‌లో ఏ తేడా తెలియదు, ముక్తినాథ్‌కు ముందు వచ్చే జొమ్‌సొమ్ ఊరి పైన మాత్రం కూలెంట్ అంతా పక్క సీసాలోకి తన్నేస్తుంది. కొత్త ఒరిజినల్ మూత ఒకటి వేయించండి, ఇంకొకటి డిక్కీలో పడేయండి.

రేడియేటర్‌లో ఇన్నాళ్లూ బోరు నీళ్లే పోసి ఉంటే లోపల సున్నం పేరుకుని ఉంటుంది. విప్పి శుభ్రం చేయించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించండి. మొత్తం నాలుగు లీటర్లలోపే పడుతుంది, కలిపినదే రెండు లీటర్లు వెంట ఉంచుకోండి. ఆ మిశ్రమం చలికి గడ్డకట్టదు కూడా. రాత్రి పైన బండి ఆపినప్పుడు ఇది అవసరం. మన షెడ్లలో ఇంకో అలవాటుంది: వేడెక్కుతోందంటే థర్మోస్టాట్ పీకేసి, ఫ్యాన్‌కు డైరెక్ట్ వైరు ఇచ్చేస్తారు. మీ బండికి అలా చేసి ఉంటే సరిచేయించండి. థర్మోస్టాట్ లేకపోతే ముక్తినాథ్ ఉండే ముస్తాంగ్ జిల్లా చలిలో ఇంజన్ ఎంతకీ వేడెక్కదు, చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ కొడుతూనే ఉంటుంది. ఫ్యాన్ పరీక్ష సులువు. ఏసీ ఆపి, బండి నిలబెట్టి ఐడిల్‌లో పావుగంటకు పైగా ఉంచండి. ముల్లు సగం దాటాక ఫ్యాన్ తనంతట తాను తిరగాలి, కాసేపటికి ఆగాలి. తిరక్కపోతే ముందు రిలే, తర్వాత కనెక్టర్ చూడండి. ఈ వయసు బండ్లలో కనెక్టర్ ప్లాస్టిక్ కరిగిపోయి ఉండడం మామూలే.

బ్రేకుల్లో ముందు ప్యాడ్లు, వెనక షూలు ఎలాగూ చూస్తారు. జనం వదిలేసేది బ్రేకు ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినదైతే 140కే మరిగే స్థితికి వస్తుంది. పొడవైన దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే లోపల ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా కిందికి పోతుంది. పాత ఆయిల్ పూర్తిగా తీయించి, గాలి లేకుండా బ్లీడ్ చేయించండి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి, రెండో గేరు, అవసరమైతే మొదటిది. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం ఈ కొండల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఎత్తులో ఇంజన్ వ్యాక్యూమ్ తగ్గి బ్రేకు పెడల్ కాస్త గట్టిగా కూడా అనిపిస్తుంది, కంగారు పడొద్దు.

క్లచ్ ప్లేటు ఉందా పోయిందా అన్నది ఎత్తు మీద మూడో గేరులో తేలుతుంది: యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజన్ మోత పెరిగి, వేగం పెరగకపోతే ప్లేటు జారుతున్నట్టే. అనుమానం ఉన్నా సరే, ఇక్కడే వేయించుకోండి. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ ఒక్కొక్కటి అదనంగా కొనండి.

ఈ పనులన్నీ బయల్దేరే ముందు వారం చేయించకూడదు. కనీసం నెల ముందు చేయించి, ముగ్గురూ సామానుతో సహా శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగి రండి. విశాఖ వైపు వాళ్లయితే అరకు. కొత్తగా వేసిన సామానులో లోపమున్నా, మెకానిక్ బిగించడం మరిచినా మొదటి నాలుగైదు వందల కిలోమీటర్లలోనే బయటపడుతుంది. తిరిగొచ్చాక ఇంజన్ చల్లారనిచ్చి గొట్టాల క్లిప్పులన్నీ ఇంకో అర మర బిగించండి. కొత్త రబ్బరు వేడికి నొక్కుకుని క్లిప్పు వదులవుతుంది. రాత్రి బండి కింద పాత అట్ట పరిచి, తెల్లారి మరక ఎక్కడ పడిందో, ఏ రంగో చూడండి. ఇంజన్ ముందు పచ్చగానో ఎర్రగానో ఉంటే కూలెంట్, నల్లగా ఉంటే ఆయిల్, చక్రం లోపలి వైపు తడి ఉంటే బ్రేకు ఆయిల్.

వెంట ఉండాల్సినవి: 10, 12, 14, 17 స్పానర్లు, ప్లగ్ స్పానర్, ప్లగ్గులు మూడు, ఫ్యూజులు, ఫ్యాన్ రిలే, ఆల్టర్నేటర్ బెల్టు, పై గొట్టం, లీటరు ఇంజన్ ఆయిల్, ఎం-సీల్, కట్టుతీగ, లాగే తాడు, గాలి పంపు. జాకీ కింద వేయడానికి చిన్న చెక్కముక్క కూడా పెట్టండి. దారి పక్కన కాళీ గండకి నది ఒడ్డు ఇసుకలో జాకీ దిగబడిపోతుంది.

కాగితాల్లో మీరు ముందు చూడాల్సింది ఆర్సీ గడువు. 2008 బండికి 15 ఏళ్లు 2023లోనే నిండాయి. రెన్యువల్ దరఖాస్తు ఫారం 25తో ఐదేళ్లకు పొడిగించుకుని ఉండాలి; లేకపోతే నేపాల్ మాట తర్వాత, ఆదిలాబాద్ దాటడమే ఇబ్బంది. ఆర్సీ ఎవరి పేరున ఉందో వాళ్లు బండిలో లేకపోతే నోటరీ చేయించిన అనుమతి పత్రం, వాళ్ల గుర్తింపు కార్డు నకలు పట్టుకోండి. ఇన్సూరెన్సు మామూలుగా భారతదేశం వరకే. నేపాల్‌కు పొడిగించమని మీ కంపెనీకి రాస్తే పాలసీకి ఎండార్స్‌మెంట్ ఇస్తారు. మోటార్ టారిఫ్‌లో దీని గరిష్ఠ అదనపు ప్రీమియం 500 రూపాయలే. ఏజెంటుకు తెలియకపోవచ్చు; "జియోగ్రాఫికల్ ఏరియా ఎక్స్‌టెన్షన్, ఐఎంటీ 1" అనండి, అర్థమవుతుంది. మనుషులకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ కావాలి. 15 ఏళ్లు నిండని పిల్లలకు, 65 దాటిన పెద్దలకు తప్ప ఆధార్‌ను లెక్కలోకి తీసుకోరు. మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ చెల్లుతుంది, నడిపేది కూడా ఎడమవైపే.

దారి నాగపూర్, జబల్పూర్, రీవా, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్, సరిహద్దు ఊరు సునౌలి: సుమారు 1,500 కిలోమీటర్లు. నాగపూర్, రీవా, గోరఖ్‌పూర్‌లలో రాత్రులు ఆగుతూ 80 దాటకుండా వెళ్లండి. సునౌలికి ఉదయమే చేరితే భన్సార్, అంటే అక్కడి కస్టమ్స్ పర్మిట్, తొందరగా తేలుతుంది. రోజుల లెక్కన నేపాలీ రూపాయల్లో రుసుము కడతారు. ఏడాదిలో ఒక బండికి మొత్తం 30 రోజులే. అనుకున్నదానికి రెండు రోజులు ఎక్కువే రాయించండి. కొండ విరిగిపడి దారి మూసుకుంటే గడువు దాటినందుకు కట్టే జరిమానా కంటే ఆ రెండు రోజుల రుసుమే చౌక. ఆ రసీదు అసలు కాగితం తిరిగొచ్చేదాకా బండిలోనే ఉండాలి. మన 100కు వాళ్ల 160, ఇది మారని లెక్క. మన వంద నోట్లు ఎక్కువగా పెట్టుకోండి, అన్నిచోట్లా చెల్లేవి అవే.

ఇంకో సంగతి. దసరా వాళ్లకు దశైం, ఏడాదిలో అతి పెద్ద పండగ. ఆ రోజుల్లో షెడ్లు, సామాను దుకాణాలు వరసగా మూతపడతాయి. పండగ ముగిసిన వారానికి సరిహద్దు దాటేలా చూసుకుంటే మేలు.

బుట్వల్ దాటగానే సిద్ధబాబా దగ్గర రాళ్లు పడే చోటు ఉంది. పాల్పా మీదుగా పోఖరా దాకా మామూలు ఘాట్ రోడ్డే. అసలు కష్టం బేని నుంచి జొమ్‌సొమ్ వరకు: రాళ్లు, బురద, మట్టి. సంప్ గార్డు (ఇంజన్ కింద ఆయిల్ తొట్టిని రాళ్ల నుంచి కాపాడే రేకు) లేకుండా ఆ దారిలోకి దిగొద్దు. బేనిలో ట్యాంకు నింపితే చాలు; మీ 35 లీటర్లకు పైకీ కిందికీ కలిపి 200 కిలోమీటర్లు, లీటరుకు తొమ్మిది పదే ఇచ్చినా మిగులుతుంది. దానా, ఘాసాల మధ్య రూప్సే జలపాతం నీళ్లు రోడ్డు మీదికే వస్తాయి. మీ చక్రం మొత్తం ఎత్తు 54 సెంటీమీటర్లు. నీళ్లు అందులో సగానికి పైన ఉంటే ఆగండి, తెల్లవారుజామున వస్తే తగ్గి ఉండొచ్చు. దిగితే మొదటి గేరులో, క్లచ్ తొక్కకుండా, ఒకే వేగంతో దాటాలి. దాటాక నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు నొక్కి ఆరబెట్టండి. జొమ్‌సొమ్ లోయలో పొద్దెక్కాక గాలి, దుమ్ము విపరీతం, మధ్యాహ్నానికి ముందే చేరేలా చూసుకోండి. మార్ఫాలోనో జొమ్‌సొమ్‌లోనో ఒక రాత్రి ఉండి మర్నాడు ముక్తినాథ్ ఎక్కితే తలనొప్పి, వాంతులు తగ్గుతాయి. ఆ ఎత్తులో మీ 47 గుర్రాల ఇంజన్‌కు 30 మాత్రమే మిగులుతాయి, కాబట్టి నాలుగో మనిషిని ఎక్కించుకోవద్దు. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్ పోఖరాలోనే తీసుకోండి.

ముల్లు ఎరుపు వైపు కదిలితే: ఏసీ ఆపండి, హీటర్ పూర్తి వేడికి తిప్పి బ్లోయర్ గట్టిగా పెట్టండి, అది రెండో రేడియేటర్‌లా పనిచేస్తుంది. అయినా దిగకపోతే పక్కకు తీసి ఇంజన్ ఆపండి. అరగంట పైనే ఆగి, చేయి కాలనంతగా చల్లారాకే మూత తీయండి. వేడి ఇంజన్‌లో ఒక్కసారిగా చల్లటి నీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది.

భూటాన్ దగ్గరే గానీ చౌక కాదు. మనవాళ్లకు మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము, బండికి విడిగా కట్టాలి. థాయ్‌లాండ్‌కు మణిపూర్ సరిహద్దు ఊరు మోరే, మయన్మార్ మీదుగానే దారి. అక్కడి ఘర్షణల వల్ల ఇప్పుడది అనుకునే దారి కాదు. ఇరాన్ లాంటి దేశాలకైతే కార్నే అనే కస్టమ్స్ పుస్తకం కావాలి. ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ లాంటి సంఘాలు ఇస్తాయి, బండి విలువను బట్టి హామీ సొమ్ము అడుగుతాయి. ఇక్కడ మాత్రం పాత ఆల్టోకే లాభం: విలువ తక్కువ కాబట్టి కట్టే హామీ కూడా తక్కువే.