మాట్‌ల్యాబ్‌లోని మేట్రిక్స్ కోడ్‌ని పైథాన్‌లోకి మార్చడానికి ఏ టూల్ మంచిది?

ఏ టూలూ వద్దు. చేత్తోనే మార్చండి, అదీ ముందు 2×3 మేట్రిక్స్‌తో సరిచూసుకుంటూ.

మా పిన్ని కొడుకు గుంటూరులో బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుగా, మిర్చి ఫోటో చూసి తాలుకాయో మంచికాయో చెప్పే ప్రోగ్రాం తీసుకున్నాడు. సీనియర్ల కోడ్ మాట్‌ల్యాబ్‌ది, గైడ్‌గారు నమ్‌పైలోనే (పైథాన్‌లో మేట్రిక్స్ లెక్కలు చేసే లైబ్రరీ) కావాలన్నారు. ఓ రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకుని అరండల్‌పేటలో మా ఇంటికొచ్చాడు. "అన్నయ్యా, ఒక్క ఎర్రర్ కూడా లేదు. కానీ తాలుకాయల్ని కూడా మంచివే అంటోంది" అన్నాడు.

మాట్‌ల్యాబ్‌లో దాచిన సగటు బొమ్మని (అన్ని ఫోటోల సగటుని) పైథాన్‌లో తెరిపించాను. తొడిమ పైకి ఉండాల్సిన కాయ, తొడిమ ఎడమవైపుకి పెట్టి అడ్డంగా పడుకుని ఉంది! మాట్‌ల్యాబ్ మొదట ఫోర్ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో పుట్టింది కాబట్టి అంకెల్ని నిలువు వరుసల్లో పేరుస్తుంది. నమ్‌పై మామూలుగా అడ్డవరుసల్లో పేరుస్తుంది. వెయిట్లు (ప్రోగ్రాం నేర్చుకుని దాచుకున్న అంకెలు) నిలువు లెక్కలో, కొత్త ఫోటో అడ్డ లెక్కలో ఉంటే జవాబు ఎలా కుదురుతుంది? ఫోటోని ఒకే వరుసగా పరిచే చోటా, ఆ వరుసని మళ్లీ బొమ్మగా మార్చే రీషేప్ దగ్గరా ఆర్డర్‌కి 'ఎఫ్' (order='F') ఇచ్చాక కాయ నిలబడింది, తాలు తాలుగానే తేలింది.

అన్నీ చదరపు ఫోటోలు కావడం వల్లే ఆ తప్పు అంతదాకా దాక్కుంది. 64×48 అయి ఉంటే బొమ్మ చారలు చారలుగా చెదిరిపోయి అప్పుడే దొరికేది. గుణకారమూ అంతే. మాట్‌ల్యాబ్‌లో స్టార్ అంటే మేట్రిక్స్ గుణకారం, నమ్‌పై అర్రేల్లో మాత్రం ఏ అంకెకా అంకెని గుణిస్తుంది. 2×2 అయితే నోరెత్తకుండా తప్పు జవాబిస్తుంది. 2×3ని 3×2తో గుణించమంటే వెంటనే ఎర్రర్ కొడుతుంది. 2015లో పైథాన్ 3.5 వచ్చినప్పటి నుంచి దీనికి '@' గుర్తు ఉంది, అదే వాడండి.

నా కోపమల్లా రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మేవాళ్ల మీద. ఈ ఫంక్షన్‌కి బదులు ఆ ఫంక్షన్ అని ఒక పట్టిక ప్రింటు తీసి పిల్లల చేతిలో పెట్టి డబ్బు లాగుతారు. ఆ పట్టికలో స్టాండర్డ్ డీవియేషన్‌కి ఎదురుగా ఎస్‌టీడీ అనే ఉంటుంది, రెండుచోట్లా పేరు ఒకటే కాబట్టి. మాట్‌ల్యాబ్ ఎన్ (అంకెల సంఖ్య) మైనస్ 1తో భాగిస్తుందని, నమ్‌పై ఎన్‌తో భాగిస్తుందని ఒక్క ముక్క రాయరు. మీ కోడ్‌లో అది ఉంటే నమ్‌పై ఎస్‌టీడీకి డీడాఫ్ 1 (ddof=1) అని ఇవ్వండి.