వేడి ఎక్కడ పుట్టిందో రాయి

చిరంజీవి కార్తీక్‌కి ఆశీస్సులు.

పిన్‌బాల్ మిషన్ల (బల్ల మీద గుండును కొట్టి ఆడే కరెంటు ఆట యంత్రాల) రిపేరు మీద నువ్వు పంపిన వ్యాసం ఓపిగ్గా చదివాను. “సర్క్యూట్ బోర్డు బాగా వేడెక్కుతుంటే ఫ్యాను పెట్టండి” అన్న చోట ఆగిపోయాను. బోర్డు అంతా ఒకేలా వేడెక్కదు. ఏ మూల కాలుతోందో చెప్పకపోతే చదివేవాడికి ఏమీ చెప్పనట్టే.

నువ్వు ఎంచుకున్నది 1990ల నాటి విలియమ్స్ కంపెనీ డబ్ల్యూపీసీ (విలియమ్స్ పిన్‌బాల్ కంట్రోలర్) రకం మిషన్ కదా. పాఠకుణ్ణి నేరుగా, మిషన్‌లోని భాగాలకు కరెంటు పంచే పవర్ డ్రైవర్ బోర్డు మీది జే115, జే120, జే121 కనెక్టర్ల దగ్గరికి తీసుకెళ్ళు. ఆట బల్లను వెలిగించే బల్బుల కరెంటు వాటిగుండానే పోతుంది. కనెక్టరు ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగిందా, పిన్ను మెరుపు పోయి నల్లబడిందా, బోర్డు వెనక టంకం చుట్టూ సన్నటి పగులు కనిపిస్తోందా, ఇవి రాయి. దగ్గర కూర్చుని చూసినవాడే రాయగల వాక్యాలు ఇవి.

ఇక కారణం. 44 నంబరు బల్బు 6.3 వోల్టుల మీద పావు ఆంపియరు లాగుతుంది. ఒక వరసలో 20 ఉంటే 5 ఆంపియర్లు. పిన్ను పట్టు సడలి అక్కడ 0.2 ఓం నిరోధం చేరిందనుకో, ఆ ఒక్క పిన్నులోనే ఉజ్జాయింపుగా 5 వాట్ల వేడి (కరెంటును కరెంటుతో, ఆపై నిరోధంతో గుణిస్తే వచ్చేది). మరి ఫ్యూజు ఎందుకు పోలేదని పాఠకుడు తప్పకుండా అడుగుతాడు. నీ వ్యాసంలో దానికి జవాబు లేదు. ఫ్యూజు స్పందించేది తనగుండా పోయే కరెంటుకే. సడలిన పిన్ను కరెంటును పెంచదు, పైగా కాస్త తగ్గిస్తుంది. అందుకే కనెక్టరు మాడిపోతున్నా ఫ్యూజు నిక్షేపంలా ఉంటుంది. ఈ వ్యాసానికి ప్రాణం ఈ ముక్కే. దీనికి ఒక పేరా అంతా ఇవ్వు.

వాటి బదులు తక్కువ కరెంటు లాగే 47 నంబరు బల్బులు వేస్తే అదే వరస 3 ఆంపియర్లకు, ఆ పిన్నులో వేడి 1.8 వాట్లకు దిగుతుంది. కానీ మాడిన పిన్నును అలాగే వదిలేసి బల్బులు మార్చమని మాత్రం రాయకు. బోర్డు మీది పిన్నులూ వైరు చివరి కనెక్టరూ రెండూ కొత్తవి వెయ్యాలి. ఒక్కటే మారిస్తే పాతదాని గరుకు కొత్తదాన్నీ పాడుచేస్తుంది.

ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫైయర్లూ వేడెక్కుతాయి, నిజమే. కానీ ఈ బల్బులకు వెళ్ళేది ఏసీ కరెంటు, దారిలో రెక్టిఫైయరే లేదు. ఆ సంగతి ఇంకో వ్యాసానికి అట్టేపెట్టు.

ప్లగ్గు పీకాకే చెయ్యి పెట్టాలన్న మాట చివరి పేరాలో దాక్కుంది. దాన్ని మొదటి వాక్యం చేసి, మళ్ళీ పంపు.