మొదటి స్థానం అమ్మే సరుకు కాదు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు విశాఖపట్నం నుంచే, అదీ ఒకే వృత్తి గురించి రావడంతో, ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాము. దుకాణాలకూ క్లినిక్‌లకూ ఇంటర్నెట్‌లో ప్రచారం చేసిపెట్టడం, గూగుల్ సెర్చ్‌లో వాటిని నలుగురి కంటా పడేలా చేయడం (దీన్నే ఎస్‌ఈవో అంటారు) బతుకుతెరువుగా ఎంచుకున్నవారు రాసినవి ఇవి.

ప్రశ్న: మద్దిలపాలెంలో చిన్న గది తీసుకుని రెండేళ్లుగా డిజిటల్ మార్కెటింగ్, ఎస్‌ఈవో పనులు చేస్తున్నాను. గది అద్దె 12,000 రూపాయలు, ఇద్దరు కుర్రవాళ్ల జీతాలు 36,000, ఇంటర్నెట్‌కూ సాఫ్ట్‌వేర్ చందాలకూ 7,000 అవుతోంది. ఉన్న 11 మంది క్లయింట్లు ఒక్కొక్కరు నెలకు 6,000 ఇస్తారు. ఎంవీపీ కాలనీలోని ఒక దంతవైద్యుడికి మూడు నెలల్లో మొదటి స్థానం తెప్పిస్తానని మాటిచ్చాను. ఇప్పుడు అయిదో నెల. ఆయన ఫోన్‌లో క్లినిక్ ఇంకా నాలుగో స్థానంలోనే కనబడుతోందని రెండు నెలల ఫీజు ఆపేశారు. వేరొకరు 3,000కే, మొదటి స్థానం ఖాయమని కాగితం మీద రాసిస్తామంటున్నారట. రేటు తగ్గించమంటారా, నన్ను కూడా రాసివ్వమంటారా?
– పేరు వద్దన్న పాఠకుడు, మద్దిలపాలెం

సమాధానం: రెండూ చేయవద్దు. చిక్కంతా మీరిచ్చిన మాటతోనే మొదలైంది. మీ చేతిలో లేనిదాన్ని అమ్మారు, కొన్నాయన సరుకేదని అడుగుతున్నారు. అడగడంలో ఆయన తప్పేమీ లేదు. గూగుల్‌లో మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని, ఎస్‌ఈవో పనివారిని పెట్టుకునేవారి కోసం గూగుల్ సంస్థే ప్రకటించిన సూచనల్లో ఉంది. మార్పులు చేసి వాటి ఫలితం చూడటానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది దాకా పడుతుందని కూడా ఆ సంస్థ చెప్పింది. మీరు మొదటి రోజునే ఈ రెండు మాటలూ ఆయన ముందు పెట్టి ఉంటే, అయిదో నెలలో నాలుగో స్థానం అంటే మెచ్చుకుని ఉండేవారు.

అసలు ‘నాలుగో స్థానం’ అన్నది కూడా ఒక్కటి కాదు. మ్యాప్‌తో పాటు వచ్చే స్థానిక ఫలితాలను గూగుల్ ప్రధానంగా మూడు సంగతులు చూసి వరుస పెడుతుంది: అడిగినదానికి ఆ వ్యాపారం ఎంతవరకు సరిపోతుంది, అడిగిన మనిషికి ఎంత దూరంలో ఉంది, దానికి నలుగురిలో ఎంత పేరుంది. ఇందులో దూరం మీద మీకు గాని, డాక్టరుగారికి గాని ఏ అధికారమూ లేదు. ఆయన తన కుర్చీలో కూర్చుని వెతికితే ఒక వరుస వస్తుంది, మధురవాడలో చెంప పట్టుకుని కూర్చున్న మనిషి వెతికితే ఇంకో వరుస వస్తుంది. ఆయన ఫోన్‌ను కొలబద్దగా ఒప్పుకున్నంత కాలం మీకు ఈ పోరు తప్పదు.

కనుక ఒక సాయంత్రం, రోగుల తాకిడి తగ్గాక, ల్యాప్‌టాప్ పట్టుకుని క్లినిక్‌కు వెళ్లండి. సెర్చ్ కన్సోల్ (సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో యజమానికి చూపే గూగుల్ సాధనం) తెరిచి, గడచిన మూడు నెలలను అంతకు ముందటి మూడు నెలల పక్కన పెట్టి, జనం ఏయే మాటలతో వెతికి ఆ సైటుకు వచ్చారో ఆ జాబితాను ఆయనచేతనే చదివించండి. ‘వైజాగ్’ అని కొట్టేవారు, ‘విశాఖపట్నం’ అని ఓపికగా పూర్తిపేరు రాసేవారు, ఊరి పేరు వదిలేసి పేట పేరుతో వెతికేవారు, గాజువాకను ఇంగ్లిషులో డబ్ల్యూతో రాసేవారు, వీతో రాసేవారు, ఇంతమంది ఆ జాబితాలో కనబడతారు. తన క్లినిక్ పేరు తెలియని మనిషి ‘రూట్ కెనాల్‌కు ఎంతవుతుంది’ అని వెతికి తన గుమ్మం దాకా వచ్చాడని చూసిన డాక్టరుకు, మీరు గంటసేపు చెప్పినా అర్థం కానిది ఆ ఒక్క వరుసలో అర్థమవుతుంది. ఆ తర్వాత, గూగుల్‌లో క్లినిక్ పేరు, నంబరు, మ్యాప్ చూపే బిజినెస్ ప్రొఫైల్‌లో ఎన్ని కాల్స్ వచ్చాయో, ఎంతమంది దారి అడిగారో చూపించండి. అంతటితో ఆగకుండా, రిసెప్షన్ దగ్గరి రిజిస్టరులో ‘ఎలా తెలిసింది’ అని ఒక గడి గీయించి, గూగుల్ చూసి వచ్చినవారికి ‘గూ’ అని, ఎవరో చెప్పగా వచ్చినవారికి ‘చె’ అని రాయమనండి. నేను చూసిన రిపోర్టుల్లో ఇరవై పేజీల రంగుల గ్రాఫులకన్నా ఈ గీత గీసిన గడికే క్లయింట్లు ఎక్కువ విలువనిచ్చారు.

ఇక 3,000కు రాసిస్తామంటున్నవారి సంగతి. వారెవరో నాకు తెలియదు గాని, ఆ రేటుకు ఆ హామీ ఇచ్చేవారు ఏం చేస్తారో తెలుసు, ఒకప్పుడు నేనూ చేశాను కనుక. 2011లో అరకు యాత్రలు నడిపే ఒక క్లయింటు కోసం, వందల కొద్దీ బ్యాక్‌లింకులను (వేరే సైట్ల నుంచి మన సైటుకు వచ్చే లింకులను) గంపగుత్తగా అమ్మే ఒకరి దగ్గర ప్యాకేజీ కొన్నాను. రెండు నెలల్లో సైటు పైకి పాకింది, నేను ఆ స్క్రీన్‌షాటును ప్రింటు తీయించి ఆఫీసు గోడకు అంటించుకున్నాను. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. కొనుక్కున్న లింకులతో పైకొచ్చిన సైట్లను పట్టి దించడమే దాని పని. సరిగ్గా వేసవి సెలవుల బుకింగ్‌లు మొదలయ్యే రోజుల్లో మా సైటు మొదటి పేజీ నుంచి మాయమైంది. చెడ్డ లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పుకునే డిసవౌ అనే సాధనం ఆ అక్టోబరులో గాని రాలేదు. దాంతో జాబితా పంపినా, పెంగ్విన్‌ను మళ్లీ నడిపినప్పుడే ఫలితం తెలిసేది, అది ఎప్పుడు నడుపుతారో ఎవరికీ తెలియదు. 2016 సెప్టెంబరు నుంచి అది నిరంతరం పనిచేస్తోంది కాబట్టి ఇప్పుడు అంత నిరీక్షణ లేదు. అయితే ఆ క్లయింటు అంతదాకా ఆగలేదు, ఆగమనే ముఖం నాకూ లేకపోయింది.

రేటు లెక్క మీ ఉత్తరంలోనే ఉంది. మీ నెల ఖర్చు 55,000. దాన్ని 11 మందికి పంచితే ఒక్కొక్కరి మీద 5,000 పడుతుంది. అంటే 6,000 తీసుకుంటున్నా మీ చేతికి మిగిలేది నెలకు 11,000 మాత్రమే, అది మీ కుర్రవాళ్ల జీతంకన్నా తక్కువ. ఒకరికి 3,000 చేస్తే ఆ మాట ఈ ఊళ్లో దాగదు. మిగిలిన పదిమందీ అదే అడిగితే వచ్చేది 33,000, చేతి నుంచి పడేది 22,000. తక్కువ ఇవ్వగలిగినవారికి తక్కువ పని చేయండి. ప్రొఫైల్ చూసుకోవడం, ఫొటోలు పెట్టడం, రివ్యూలకు జవాబులివ్వడం వరకే 3,000 అని విడిగా రాసిపెట్టుకోవచ్చు. మొత్తం పనికి మాత్రం 6,000 కూడా చాలదని నా అభిప్రాయం. కొత్తగా వచ్చేవారికి పెంచిన రేటే చెప్పండి.

ఆగిన 12,000 విషయంలో, తప్పు మాట మీది కాబట్టి ఒక నెల ఫీజు మీరే వదులుకుని, రెండోదాన్ని మర్యాదగా అడిగి తీసుకోవడం మంచిది. ఇకముందు మాత్రం, చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు చేయించుకుని ఉండండి, దానికి రుసుమేమీ లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోగా, ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, అదీ 45 రోజులు మించకుండా డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. ఈ వాక్యాన్ని ఇన్వాయిస్ అడుగున చిన్న అక్షరాలతో అచ్చు వేయించినా చాలామందికి గడువు గుర్తుంటుంది.

ప్రశ్న: గాజువాకలో ఇంటి నుంచే అయిదుగురికి గూగుల్ యాడ్స్ నడుపుతున్నాను. ఒక్కొక్కరు నెలకు 30,000 ప్రకటనల డబ్బు, 6,000 నా ఫీజు కలిపి నా ఖాతాలో వేస్తారు, నేను నా కార్డుతో గూగుల్‌కు కడతాను. జీఎస్‌టీ తీసుకోవాలేమోనని మావారు భయపెడుతున్నారు. అలాగే కొత్తగా వచ్చిన ఒక స్పేర్ పార్ట్స్ దుకాణంవారి ప్రొఫైల్ పాత ఏజెన్సీ కుర్రవాడి మెయిల్‌లో ఉండిపోయింది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: మీవారి భయం సబబైనదే. నెలకు 1,50,000 చొప్పున ఏడాదికి ప్రకటనల డబ్బు 18,00,000, మీ ఫీజు 3,60,000, వెరసి 21,60,000 మీ ఖాతా గుండా వెళుతోంది. సేవలందించేవారికి ఆంధ్రప్రదేశ్‌లో జీఎస్‌టీ నమోదు పరిమితి ఏడాదికి 20,00,000 టర్నోవరు. మీ నిజమైన రాబడి నెలకు 30,000 అయినా, ఊరివారి డబ్బు మోసినందుకు మీరు ఆ గీత దాటినట్టు లెక్క వస్తుంది. క్లయింటు తరఫున కట్టిన డబ్బును లెక్కలో కలపనక్కర్లేదనే ‘ప్యూర్ ఏజెంట్’ మినహాయింపు ఉంది గాని, దాని షరతులన్నీ నెరవేరితేనే వర్తిస్తుంది. మీరు నడిపే పద్ధతిలో నెరవేరుతున్నట్టు నాకు తోచడం లేదు, జరిగిపోయిన నెలల సంగతి ఒక చార్టర్డ్ అకౌంటెంటుకు చూపించండి. ఇకమీదట ప్రతి క్లయింటుకూ తన పేరునే యాడ్స్ ఖాతా తెరిపించి, డబ్బు వారిచేతనే కట్టించి, మీరు మేనేజరు ఖాతా ద్వారా దాన్ని నడపండి. గూగుల్ ఇచ్చే బిల్లు వారి పేరునే వస్తుంది, జీఎస్‌టీ ఉన్నవారైతే అందులోని 18 శాతాన్ని వారే క్రెడిట్‌గా తీసుకుని, తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు.

రెండోదానికి, ప్రొఫైల్ యాజమాన్యం కోరుతూ దుకాణదారు తన మెయిల్ నుంచే అభ్యర్థన పెట్టాలి. పాత వ్యక్తి గడువులోగా స్పందించకపోతే దుకాణం తనదని రుజువు చేసుకునే దారి గూగుల్ చూపుతుంది. అయితే ముందుగా దుకాణానికి వెళ్లి బోర్డు మీది పేరు చదవండి. ఆటోనగర్‌లో ఒక చోట బోర్డు మీద ఒక పేరు, బిల్లు పుస్తకం మీద ఇంకొకటి, ప్రొఫైల్‌లో ఆ రెండూ కాకుండా ‘గాజువాకలో ఉత్తమ కార్ల విడిభాగాలు’ అనే తోక తగిలించిన మూడోది చూశాను. వీధిలో ఉన్న పేరే ప్రొఫైల్‌లో ఉండాలన్నది గూగుల్ నియమం. తోకలు పెడితే ప్రొఫైల్ నిలిపివేసే ప్రమాదం ఉంది, యాజమాన్యం మార్చుకునే రుజువుల వేళ ఆ తోకే అడ్డుపడవచ్చు. ప్రొఫైల్ అయినా, డొమైన్ (సైటు చిరునామా) అయినా, హోస్టింగ్ (సైటును ఉంచే సర్వరు చోటు) అయినా యజమాని పేరునే ఉండి, మీ పేరు మేనేజరుగా మాత్రమే ఉండాలి. మీరు మానేసిన రోజున మీ తర్వాత వచ్చేవారు ఇలాంటి ఉత్తరం రాయవలసిన అవసరం రాకూడదు కదా.

ప్రశ్న: వైజాగ్‌కు గూగుల్ డేటా సెంటర్ వస్తోంది కాబట్టి ఎస్‌ఈవో నేర్చుకుంటే ఇక్కడే బాగుంటుందని మిత్రులు అంటున్నారు. ఏఐ జవాబులు వచ్చాక ఈ పని పోతుందని మరికొందరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– డిగ్రీ విద్యార్థి, అక్కయ్యపాలెం

సమాధానం: గూగుల్ ఇక్కడ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించిన మాట నిజమే గాని, సర్వర్లు ఊళ్లో ఉన్నంత మాత్రాన జగదాంబ జంక్షన్ దుకాణానికి ర్యాంకులో ఒక మెట్టు కూడా కలిసిరాదు. ఏఐ మాట కొంతవరకు నిజం. ‘ఫలానాది అంటే ఏమిటి’ అనే ప్రశ్నలకు జవాబు సెర్చ్ పేజీ పైనే దొరుకుతున్నందున, అలాంటి వ్యాసాలు రాసి క్లిక్కులు లెక్కపెట్టుకునే పని సన్నగిల్లుతోంది. పైప్ పగిలినవాడికి మాత్రం ఇప్పటికీ ప్లంబరు నంబరే కావాలి. కోర్సు ఫీజు కట్టే ముందు, మీ వీధిలో తెలిసిన దుకాణాన్ని ఒకదాన్ని అడిగి, దాని ప్రొఫైల్‌లోని నంబరుకు ఫోన్ చేసి ఎవరు ఎత్తుతారో చూడండి, మ్యాప్‌లో పిన్ రోడ్డుకు ఏ పక్కన ఉందో చూడండి, ఆదివారం మూసి ఉండే కొట్టు తెరిచి ఉన్నట్టు చూపుతోందేమో చూడండి. అవి సరిదిద్దిన నెల తర్వాత ఆ యజమాని మీకు చెప్పింది మాకు మళ్లీ రాయండి.